చచ్చినా తప్పని వెట్టి!

"అయిపాయెనా? మరి గా గానుగ కాడోళ్ళు ఏమైన్రు బిడ్డా?"

ఈ ప్రశ్న వేసింది మా అమ్మమ్మ. తొంభై దాటిన మనిషి. జనగామలో మా మామయ్య ఇంట్లో, టీవీ ముందు, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని వేసింది. అప్పుడే చిత్రం ముగిసింది. విలన్ కొండ మీంచి సముద్రంలో పడ్డాడు. నాయిక కళ్ళల్లోకి ప్రాణం వచ్చింది. నాయకుడు ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. ఇంకేం కావాలి? లేచి అన్నాలు తినడమే తరువాయి. కాని అమ్మమ్మ లేవలేదు. నా దగ్గర జవాబూ లేదు.

దయ్యాల చిత్రాల గురించి ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. ఈ చిత్రాన్ని అంతకుముందే నాలుగైదుసార్లు చూశాను. ఒక్కసారైనా నాకు తట్టని ప్రశ్న అది!

చిత్రం పేరు 'వైట్ జాంబీ'. నలుపు తెలుపు. 1932లో అమెరికాలో విడుదలైంది. అన్నట్టు, మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైందీ ఆ సంవత్సరమే. జాంబీలను చూపించిన మొట్టమొదటి పూర్తి నిడివి చిత్రం ఇదేనని లెక్కగడతారు. పూర్తి నిడివి అంటే భయపడకండి, డెబ్బై నిమిషాలు కూడా ఉండదు. మనకు ఇంటర్వెల్ పడేలోపే అక్కడ కథ కంచికి!

మానుకోట కుర్రాళ్ళు

అసలు సంగతి మొదట్నించీ చెప్పాలి. "జాంబీల మీద ఏదైనా రాయవయ్యా, కుర్రాళ్ళు అడుగుతున్నారు" అన్నారు ఎడిటర్ గారు. అడిగే కుర్రాళ్ళ దగ్గరికే పోదామని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని మహబూబాబాద్ రైలెక్కాను. ఇక్కడివాళ్ళ నోట అది ఇప్పటికీ మానుకోటే. మా చిన్నమ్మ కొడుకు అక్కడ డిగ్రీ చదువుతూ నలుగురు స్నేహితులతో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. నేను పోయింది మిర్చి సీజన్‌లో. స్టేషన్ దిగి రోడ్డెక్కగానే తుమ్ములు మొదలు.

ఇనుప ట్రంకు మీద ల్యాప్‌టాప్ పెట్టి, లైటు ఆర్పి, బొమ్మ వేశాను. అయిదు నిమిషాలు కాకుండానే నవ్వులు.

నవ్వరూ మరి? ఈ పిల్లలు పెరిగింది ఎలాంటి జాంబీల మధ్య! కొరియా వాళ్ళ 'ట్రెయిన్ టు బూసాన్' (2016) లో జాంబీలు రైలు వెంట పరుగెత్తి వేలాడతాయి. మన ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీరెడ్డి' తీసి, ఆ సరుకునంతా కర్నూలు ఫ్యాక్షన్ నడుమ దింపాడు. హాల్లో మీరు ఈలలు వేశారు, నేనూ వేశాను. మెడ వంకర, నోట్లో నెత్తురు, మనిషి కనబడితే కరవడం, కరిస్తే వాడూ జాంబీ కావడం... ఇదీ మీకు తెలిసిన జాంబీ శాస్త్రం. మరి 'వైట్ జాంబీ'లో ఎవరూ ఎవర్నీ కరవరు. ఎవరూ పరుగెత్తరు. చేతులు వేలాడేసుకుని, ఎటో చూస్తూ, మెల్లగా నడుస్తారు. అంతే!

"అన్నా, గింత స్లో ఏంది? బీడీ ముట్టించుకుని నడిచినా తప్పించుకోవచ్చు" అన్నాడు ఒకడు. విలన్‌గా వేసిన బేలా లుగోసి కళ్ళు తెర నిండా రెండు దీపాల్లా వెలిగి దగ్గరికొస్తుంటే, "గీనెను కంటి డాక్టరుకు చూపియ్యాలె" అన్నాడు ఇంకొకడు. నాకూ నవ్వాగలేదు. నిజమే, 1932 నాటి భయం ఈనాటి కుర్రాడికి భయం కాదు. మా చిన్నప్పుడు విఠలాచార్య గారి అస్థిపంజరాలను చూసి అమ్మ కొంగు పట్టుకున్నాం. ఇప్పుడు వాటిని చూపిస్తే మా పిల్లలు ముద్దుగా ఉన్నాయంటున్నారు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను, చిక్కుముళ్ళేం లేవు. హైతీ అనే కరీబియన్ దేశం. పెళ్ళి చేసుకోవడానికి ఒక అమెరికన్ జంట అక్కడికి వస్తుంది. ఆతిథ్యమిచ్చిన ఎస్టేటు యజమానికి పెళ్ళికూతురి మీద కన్ను. లెజెండర్ అనే మాంత్రికుణ్ణి ఆశ్రయిస్తాడు. వాడు ఇచ్చిన పొడితో పెళ్ళి విందులోనే పెళ్ళికూతురు 'చచ్చిపోతుంది'. సమాధి చేశాక లేపుకుపోయి బొమ్మలా తిప్పుతారు. ఆమె పియానో వాయిస్తుంది, కాని కళ్ళల్లో ఎవరూ ఉండరు. అది చూడలేక ఎస్టేటు యజమానే పశ్చాత్తాపపడితే, మాంత్రికుడు వాడికీ అదే మందు పోస్తాడు. చివరికి కోట, కొండ, పోరాటం, శుభం.

నవ్వులు ఎక్కడ ఆగాయో చెప్పాలి. ఒక చోట మాంత్రికుడు పెళ్ళికూతురి మెడలోంచి లాక్కున్న గుడ్డను మైనపు బొమ్మకు చుట్టి దీపం మంటలో పట్టుకుంటాడు. అంతదాకా అందరికన్నా ఎక్కువగా నవ్విన కుర్రాడు టక్కున ఆగిపోయాడు. ఆ తర్వాత టీ తాగుతూ చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఒక ముసలాయన ఇంటి వెనకాల ఎవరికో గుడ్డ బొమ్మ దొరికిందట. చేతబడి అన్నారట. పది రోజుల్లో ఆ ముసలి దంపతులు ఇంటికి తాళం వేసి, చీకట్లో ఊరు విడిచి పోయారట. "తర్వాత తెలిసింది అన్నా, అది పక్కింటి పిల్ల ఆడుకునే బొమ్మ." ఎవరూ నవ్వలేదు. తెర మీద బొమ్మ కాలిస్తే తెర మీది మనిషే చస్తాడు. ఊళ్ళో బొమ్మ దొరికితే బొమ్మ దొరికిన ఇంటివాడికే ముప్పు.

కళ్ళు తప్ప అన్నీ అప్పే!

సినిమా పిచ్చోళ్ళకు కావలసిన ముచ్చట్లు కాసిని ఇక్కడే చెప్పేస్తాను.

విక్టర్ హాల్పెరిన్ దర్శకుడు, తమ్ముడు ఎడ్వర్డ్ నిర్మాత. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. పదకొండు రోజుల్లో తీశారు! యూనివర్సల్ స్టూడియోలో పెద్ద చిత్రాలకు వేసిన పాత సెట్లను అద్దెకు పట్టారు. కోటలో మీరు చూసే మెట్లూ స్తంభాలూ కొన్ని 'డ్రాకులా' (1931) నుంచి మిగిలినవే. మేకప్ వేసింది జాక్ పియర్స్, 'ఫ్రాంకెన్‌స్టైన్' భూతానికి ముఖం ఇచ్చిన మహానుభావుడు. కెమెరా ఆర్థర్ మార్టినెల్లి. మాటలు తక్కువ. మూకీల రోజులు ఇంకా పూర్తిగా పోలేదు కదా, నటీనటులు చాలామంది ఆ పద్ధతిలోనే చేతులు విసురుతారు. పత్రికలవాళ్ళు చీల్చి చెండాడారు. జనం మాత్రం చూశారు, డబ్బులొచ్చాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రింటు కనబడకుండా పోయి 1960లలో మళ్ళీ దొరికింది. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

బేలా లుగోసి సంగతి మరీ చిత్రమైనది. హంగరీ మనిషి. డ్రాకులాగా ప్రపంచాన్ని వణికించిన మరుసటి ఏడాదే ఈ చిన్న చిత్రంలో వేశాడు. దక్కిన పారితోషికం చాలా తక్కువేనని చెబుతారు. కూలి లేకుండా శవాలతో పని చేయించుకునే ఈ విలన్, నిజజీవితంలో 1919లో హంగరీలో నటుల సంఘం కట్టడానికి తిరిగిన మనిషి! ప్రభుత్వం మారాక దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. హాలీవుడ్‌లో 1933లో నటీనటుల సంఘం మొదలైతే అందులో మొదటి సభ్యుల్లో ఒకడుగా చేరాడు. విలన్ వేషాల వెనకాల ఎవరుంటారో చెప్పలేం సుమండీ.

గడికి పోయిన పిల్ల

మానుకోట నుంచి తిరుగు రైల్లో జనగామ దిగాను. అమ్మమ్మను చూసి పోదామనే. ఆమెకు దయ్యం బొమ్మ చూపించాలని నేను అనుకోలేదు. టీవీకి వైరు తగిలించి ఒక సన్నివేశం సరిచూసుకుంటుంటే, "ఏం బొమ్మరా, రంగులు లెవ్వు? ఎన్టీరామారావుదా?" అంటూ వచ్చి కూర్చుంది. ఇంకేం, మొదట్నించీ వేశాను. ఇంగ్లీషు మాటలు ఆమెకు రావు కనుక పక్కన కూర్చుని నేనే కథ చెప్పాను. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవారట, అచ్చం అలాగే.

నడి రోడ్డు మీద శవాన్ని పూడ్చే దృశ్యంతో మొదలవుతుంది చిత్రం. ఎందుకు అంటే, నలుగురూ తిరిగే చోటైతే శవాన్ని ఎవరూ తవ్వుకుపోలేరని. అమ్మమ్మ తల ఊపింది. లుగోసి కళ్ళను చూసి ఏమీ అనలేదు. ఆ తర్వాత వచ్చింది చెరుకు మిల్లు.

యువ పాఠకుల్లారా, చిత్రంలో మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు, ఈ మూడు నాలుగు నిమిషాలు చూడండి. చీకటి కొట్టం. లోపల పెద్ద గానుగ. కింద కొందరు మనుషులు దూలాలు పట్టుకుని దాన్ని నెడుతూ తిరుగుతున్నారు. పైన ఇంకో వరుస, నెత్తిన తట్టల్లో చెరుకు మోసుకొచ్చి గానుగలో పోస్తున్నారు. సంగీతం లేదు. మాట లేదు. కర్ర మీద కర్ర రాసుకునే కిర్రు, కిర్రు, కిర్రు. అది మూలుగో, యంత్రం మోతో తెలియదు. మోసేవాళ్ళలో ఒకడు తూలి గానుగలో పడిపోతాడు. కేక లేదు. పక్కవాడు తల తిప్పడు. కిందివాళ్ళు నెట్టడం ఆపరు. గానుగ తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయానికి ఎస్టేటు యజమాని అక్కడికి వస్తాడు. నీ తోటకూ ఇలాంటి మనుషుల్ని పంపించనా అంటాడు మాంత్రికుడు. నమ్మకంగా పని చేస్తారట, ఎన్ని గంటలైనా బాధపడరట!

"వీళ్ళు దయ్యాలు అమ్మమ్మా. చచ్చిపోయినవాళ్ళను లేపి..." అని నేను చెప్పబోయాను.

"దయ్యాలేంది? వెట్టోళ్ళు గద!" అంది.

నా నోట మాట రాలేదు. ఆమె టీవీ వైపే చూస్తోంది.

మా అమ్మమ్మ పుట్టింది జనగామకు దగ్గరి పల్లెలో, నిజాం పాలనలో. తల్లిని 'అవ్వ' అంటుంది. "మా అవ్వ ఎంబడి గడికి పోయేదాన్ని. కోడి కుయ్యకముందే పోవాలె. వడ్లు దంచుడు, పిండి విసురుడు. నాకు ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో. నేను చాట పట్టుకునేదాన్ని. కావలిగాడు కట్టె పట్టుకుని నిలబడేటోడు. మాట్లాడొద్దు, నవ్వొద్దు, తల ఎత్తి చూడొద్దు. గీళ్ళు నడుస్తున్నరు చూడు, గట్లనే. మా అవ్వకు జరమొచ్చినా పోయేది. ఒకనాడు రోలు కాడనే పడిపోయింది."

"ఎవరూ ఆగలేదా?"

"పక్కామె ఆగింది. ఆగితే కావలిగాడు తిట్టిండు. గీ బొమ్మల ఎవలూ ఆగలే. గదొక్కటే తేడా."

కూలి ఎంతిచ్చేవాళ్ళని అడిగాను, తెలివితక్కువగా. పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది. "కూలుంటే వెట్టి అంటరా బిడ్డా?"

ఈ తరానికి ఒక మాట చెప్పక తప్పదు. నేడు జనగామ జిల్లాగా ఉన్న ప్రాంతం ఒకప్పుడు దేశముఖుల గడీల రాజ్యం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఏ కులానికి ఆ కులం గడికి ఉచితంగా చాకిరీ చేయాలి. కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచే తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరికీ పాకింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగు చేసిన పంటను గడికి పోనివ్వనని నిలబడింది. ఇవన్నీ మా అమ్మమ్మ ఇంటికి బస్సు దూరంలో జరిగినవే. వెట్టి ఎప్పుడు ఆగిందని అడిగితే ఆమె తేదీలు చెప్పదు. "సంఘపోళ్ళు వచ్చినంక" అంటుంది.

మన తెరమీద ఈ చాకిరీని నాకు తెలిసి అందరికన్నా నిదానంగా, చూపు తిప్పుకోకుండా చూపించినవారు బి. నర్సింగరావు. 1988లో ఆయన తీసిన 'దాసి' చూడండి. గడిలో దాసిగా అర్చన ఎక్కువ మాట్లాడదు. నడుస్తుంది, వంగుతుంది, మోస్తుంది. ఆ నటనకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దాన్ని దయ్యాల చిత్రమని ఎవరూ అనరు. కాని 'వైట్ జాంబీ' మిల్లు చూసిన మర్నాడు 'దాసి' చూస్తే నాకు కలిగిన వణుకు ఒకటే.

ఉప్పు కథ

అమ్మమ్మ సరదాకి అన్న మాట కాదది. ఇంటికొచ్చి పాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, జాంబీ పుట్టిందే వెట్టిలోంచి!

హైతీ ఒకప్పుడు ఫ్రాన్సు వలస. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలతో చెరుకు తోటలు నడిపారు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. 1804 జనవరి 1న స్వతంత్ర దేశమయ్యారు. ప్రపంచంలో బానిసలే తిరగబడి దేశం సాధించుకున్న చరిత్ర అది. అలాంటి జనానికి అన్నిటికన్నా పెద్ద భయం ఏముంటుంది చెప్పండి? చావు కాదు. చచ్చాక కూడా ఎవడో లేపి మళ్ళీ తోటలోకి తోలుకుపోతాడేమోనని! జాంబీ అంటే వాళ్ళకు మనల్ని తినే వస్తువు కాదు. 'రేపు నేనే అయిపోతానేమో' అనే భయం.

తర్వాత 1915లో అమెరికా సైన్యం హైతీలో దిగింది, 1934 దాకా ఉంది. రోడ్లు వేయడానికి పల్లెజనాన్ని పట్టుకెళ్ళి బలవంతపు చాకిరీ చేయించారు. దాని మీద తిరుగుబాట్లు లేచాయి. ఆ రోజుల్లోనే విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత అక్కడ తిరిగి 1929లో 'ది మేజిక్ ఐలాండ్' అనే పుస్తకం రాశాడు. అమెరికా జనానికి జాంబీ అనే మాట అలవాటు చేసింది ఆ పుస్తకమే, మన చిత్రానికీ దారి చూపించింది అదే. అందులో తాను విన్న కథ ఒకటి చెబుతాడు. ఒక మేస్త్రీ చింపిరి గుడ్డల మనుషుల్ని కొందరిని చెరుకు కంపెనీకి తెచ్చి పనిలో పెడతాడు. వాళ్ళు జాంబీలు. పని వాళ్ళది, కూలి డబ్బులు మేస్త్రీవి! తిండిలో ఉప్పు మాత్రం వేయకూడదు. వేస్తే మెలకువ వస్తుంది. ఒకరోజు మేస్త్రీ పెళ్ళాం జాలిపడి వాళ్ళకు మిఠాయి కొనిపెడుతుంది. అందులోని పప్పులకు ఉప్పు పట్టించి ఉంటుంది. నాలుకకు తగలగానే తాము చచ్చిపోయామని వాళ్ళకు తెలిసిపోతుంది. పెద్దగా అరిచి, వరుసగా నడుచుకుంటూ కొండదారి పట్టి తమ సమాధుల దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఊరివాళ్ళు మేస్త్రీ పని పట్టారట.

ఈ కథ చిత్రంలో లేదు. ఉంటే ఎంత బాగుండేది! ఫోన్లో అమ్మమ్మకు చెప్పాను. చాలాసేపు నవ్వింది. "మన దిక్కు ఉప్పు తిన్నోడు నోరు మూసుకోవాలె అంటరు. ఆడ ఉప్పు తింటె నోరు లేస్తదా? మంచిగుంది!"

మన చందమామలో బేతాళ కథలు చదివినవాళ్ళకు ఇంకో సంగతి తడుతుంది. విక్రమార్కుడి భుజం మీది శవం కూడా లేచిన శవమే. కాని అది ఊరుకోదు. కథ చెబుతుంది, ప్రశ్న వేస్తుంది, జవాబు తెలిసీ చెప్పకపోతే నీ తల పగులుతుందని రాజునే బెదిరిస్తుంది. హైతీ శవానికి నోరే లేదు. నోరు లేకపోవడమే దాని కథంతా.

మరి ఈ కూలి శవం నరమాంసం తినే శవంగా ఎప్పుడు మారింది? 1968లో. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమేరో అనే కుర్రాడు స్నేహితుల దగ్గర చందాలేసుకుని 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. అదీ నలుపు తెలుపే. నెత్తురుకు చాక్లెట్ సిరప్, పేగులకు కసాయి దుకాణం సరుకు! అందులో జాంబీ అనే మాట ఒక్కసారీ వినబడదు. ఆ మాట తర్వాత జనం తగిలించిందే. కథానాయకుడిగా డ్యూయేన్ జోన్స్ అనే నల్లజాతి నటుడు వేశాడు. రాత్రంతా శవాలతో పోరాడి బతికి బయటపడ్డ ఆ నాయకుణ్ణి తెల్లారాక తుపాకులు పట్టుకొచ్చిన మనుషులే శవమనుకుని కాల్చేస్తారు. గొప్ప చిత్రం, దాని గురించి ఇంకోసారి రాస్తాను. కాని అక్కడితో జాంబీకి యజమాని పోయాడు. మాంత్రికుడు లేడు, మేస్త్రీ లేడు, గానుగ లేదు. మిగిలింది ఆకలి ఒక్కటే. మీరూ నేనూ ఈలలు వేసిన జాంబీలన్నీ ఆ ఇంటివే.

భూపాలపల్లిలో అర్ధరాత్రి ఆట

మా బావ భూపాలపల్లిలో ఉంటాడు. బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. కొడుకు ఇప్పుడు బాయిలోనే పని. అక్కడికి రైలు లేదు కదా, హనుమకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోయాను. రెండో షిఫ్టు దిగి మా అల్లుడు ఇంటికొచ్చి స్నానం చేసేసరికి అర్ధరాత్రి దాటింది. వాడు అన్నం తింటుంటే బొమ్మ వేశాం. దయ్యాల చిత్రానికి ఇంతకన్నా మంచి వేళ దొరుకుతుందా?

మా బావ మాట తక్కువ మనిషి. మిల్లు దృశ్యం రాగానే ముందుకు వంగాడు. ఆయన మొదట చేసింది కోల్ ఫిల్లర్ పని. బొగ్గును తట్టల కెత్తి టబ్బుల్లో పోసేవాళ్ళన్నమాట. ఇప్పుడు ఆ పని చాలావరకు యంత్రాలకు పోయింది. భయపడతాడేమోనని నేను చూస్తుంటే ఆయన జాంబీలకు వంకలు పెట్టడం మొదలెట్టాడు!

"తట్ట గట్లనా ఎత్తుడు? మెడ పడిపోతది. బామ్మర్దీ, వీనికి బరువు మోసుడు తెల్వదు. ఖాళీ తట్ట అది."

అల్లుడు ముద్ద నోట్లో పెట్టుకునే, "మామా, ఆ దొరకు మస్తుంది. లీవు అడిగేటోడు ఒక్కడు లేడు" అన్నాడు. నవ్వుకున్నాం. అప్పుడే తెర మీద మనిషి గానుగలో పడ్డాడు. బావ రిమోట్ అందుకుని ఆపేశాడు. వెనక్కి తిప్పమన్నాడు. మళ్ళీ చూశాడు.

"ఒక్కడూ ఆగకపాయె" అన్నాడు. కొంచెంసేపు ఊరుకుని మళ్ళీ అన్నాడు. "బాయిల మనిషి పోతే పని బందయితది. అందరం పైకొస్తం. ఎవడు పోయిండో పేరు పేరున అడుక్కుంటం. మస్టర్ల పేరుంటది గద. వీళ్ళకు పేరే లేకపాయె."

ఆ మాట పట్టుకుని తర్వాత నేను చిత్రం మళ్ళీ వేసుకున్నాను. బావ చెప్పింది అక్షరాలా నిజం. కోటలో మాంత్రికుడి వెంట తిరిగే జాంబీలు వేరే ఉన్నారు. ఒకప్పుడు వాడి శత్రువులు. వాళ్ళను వాడు ఒక్కొక్కరినే పరిచయం చేస్తాడు. ఇతను మంత్రి, ఇతను పోలీసు కెప్టెన్, ఇతను నన్ను చంపబోయిన తలారి అని. పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళకు చచ్చాకా హోదా ఉంది! మిల్లులో వాళ్ళకు అదీ లేదు. నాయికను కాపాడటానికి పాదిరీ వస్తాడు, మనిషిని మందుతో శవంలా చేయడం హత్యానేరమని హైతీ శిక్షాస్మృతి తీసి చదువుతాడు. ఆ సెక్షను మిల్లులో వాళ్ళకూ వర్తిస్తుందని అతనికి తట్టదు. పేరులోనే ఉందిగా, 'తెల్ల జాంబీ' అని. నల్లవాళ్ళు జాంబీలైతే అది మిల్లు, తెల్లపిల్ల జాంబీ అయితే అది కథ. మాంత్రికుడు స్పృహ తప్పగానే కోటలోని జాంబీలు కొండ అంచు దాటి నడిచి పడిపోతారు. మాంత్రికుడు చస్తాడు, నాయిక లేస్తుంది, చిత్రం అయిపోతుంది. మిల్లు ఊసు మళ్ళీ ఎత్తరు. గానుగ ఆగిందా, తిరుగుతూనే ఉందా? ఆగితే వాళ్ళు ఇళ్ళకు పోయారా, సమాధులకు పోయారా? హాల్పెరిన్ సోదరులు చెప్పలేదు.

అందుకే ఈ వ్యాసం మొదలుపెట్టేముందు అమ్మమ్మకు ఫోన్ చేసి ఒప్పుకున్నాను. "గానుగ కాడోళ్ళు ఏమయ్యారో సినిమాలో లేదు అమ్మమ్మా. తీసినోళ్ళు మరిచిపోయారు."

"మరిచిపోయిన్రా?" అంది, ఎవరో బంధువు పెళ్ళికి పిలవడం మరిచిపోయినట్టు.

"ఆ దర్శకుడే 1936లో ఇంకోటి తీశాడు. 'రివోల్ట్ ఆఫ్ ది జాంబీస్' అని. అందులో చివరికి వాళ్ళు తిరగబడతారు. కాని అది బాగుండదు. లుగోసి కూడా లేడు. ఆయన కళ్ళను మాత్రం ఈ సినిమాలోంచి కత్తిరించి అందులో అతికించారు."

కళ్ళ సంగతి ఆమెకు పట్టలేదు.

"తిరగబడ్తరా?"

"చివర్లో కొంచెం."

"గట్లయితే గది తే బిడ్డా. అయితారం వస్తవు గద?"

నిజంగానే అది ఏమంత బాగుండదు. సగానికి పైగా ప్రేమ గొడవలే. ఎక్కడెక్కడ ముందుకు జరపాలో కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం పొద్దుటి బండికి జనగామ పోతున్నాను.